గుమ్మపాలు ఇస్తే ఏం చేయాలి?
పలమనేరు వైపు పల్లెలకు పోతే గుమ్మపాలు (అప్పుడే పితికిన పచ్చిపాలు) చెంబులో పోసి "తాగు నాయనా, బలం" అంటారు. రుచి బాగుంటుంది, కాదనను. అయినా కాచుకునే తాగండి. ఆవు నున్నగా ఆరోగ్యంగా కనిపించినా పాలలో బ్రూసెల్లా, క్షయ క్రిములు ఉండొచ్చు. పొదుగుకు అంటిన పేడతో ఈ-కోలై, సాల్మొనెల్లా చేరతాయి. బ్రూసెల్లా సోకితే వచ్చిపోయే జ్వరం, కీళ్లనొప్పులు వారాల తరబడి వదలవు.

కాస్తే బలం పోతుందనేది ఉత్తమాట. కాల్షియం, ప్రోటీన్ ఎక్కడికీ పోవు. కాస్త సి విటమిన్ తగ్గుతుంది, దానికి ఉసిరికాయ ఉందిగా! నురగ పైకి రాగానే దించేయకుండా, మంట తగ్గించి గరిటెతో కలుపుతూ రెండు మూడు నిమిషాలు తెర్లనివ్వండి. గర్భిణులకు, పసిపిల్లలకు పచ్చిపాలు అసలే వద్దు. ప్యాకెట్ పాలను డెయిరీలోనే 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు వేడిచేసి ఉంటారు, వాటికి ఇంతసేపు అక్కర్లేదు.