పెట్రోల్ ఇంజిన్ మోడల్ విమానానికి ప్రొపెల్లర్: ఎంచుకోవడం, బిగించడం

పెట్రోల్‌తో నడిచే మోడల్ విమానానికి ప్రొపెల్లర్ కొనబోయే ముందు, దాని మీద ముద్రించి ఉండే రెండు అంకెల అర్థం స్పష్టంగా తెలిసి ఉండాలి. హబ్‌కు (బ్లేడ్లు కలిసే నడిమి భాగానికి) దగ్గరగా 18×10 అనో 19×8 అనో రాసి ఉంటుంది. మొదటిది ఈ కొస నుంచి ఆ కొస వరకు ఉన్న వ్యాసం, రెండోది పిచ్; రెండింటినీ అంగుళాల్లోనే లెక్కిస్తారు. మర చెక్కలోకి దిగినట్టుగా ప్రొపెల్లర్ గాలిలో ఏమాత్రం జారకుండా ముందుకు సాగితే ఒక చుట్టులో ఎంత దూరం పోతుందో అదే పిచ్. వ్యాసం పెరిగితే లాగే బలం పెరుగుతుందని, పిచ్ పెరిగితే వేగం పెరుగుతుందని చెప్పుకోవడం స్థూలంగా నిజమే. అయితే ఆ రెండింటి భారాన్నీ మోయవలసింది ఇంజినే కనుక, ఎంపికను ఇంజిన్ దగ్గరే మొదలుపెట్టాలి.

ఉదాహరణకు 30 సీసీ తరగతిని తీసుకుందాం. డీఎల్‌ఈ-30 వంటి ఇంజిన్‌కు 18×8, 18×10, 19×8, 20×8 వంటి కొలతలను సూచిస్తారు. కొత్తవారు ఈ పట్టికను చూసి, అన్నీ సరిపోతాయన్నప్పుడు ఏది దొరికితే అది కొనవచ్చని అనుకుంటారు. నిజానికి వాటి మధ్య తేడా చిన్నదేమీ కాదు. ఒకే ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) వద్ద ప్రొపెల్లర్ పీల్చుకునే శక్తి, వ్యాసం నాలుగో ఘాతాన్ని (వ్యాసం × వ్యాసం × వ్యాసం × వ్యాసం) పిచ్‌తో గుణిస్తే వచ్చే విలువను బట్టి మారుతుంది. ఆ లెక్కన 18×10కి 10,49,760 వస్తుంది. 19×8కి 10,42,568 వస్తుంది. అంటే చూడటానికి వేరుగా ఉన్న ఈ రెండు ప్రొపెల్లర్లూ ఇంజిన్ మీద దాదాపు ఒకే బరువు మోపుతాయి. 20×8కి మాత్రం 12,80,000 వస్తుంది. అది మొదటి రెండింటి కంటే సుమారు 22 శాతం ఎక్కువ. వ్యాసంలో పెరిగింది ఒక్క అంగుళమే కదా అని తేలికగా తీసుకోకూడదని చెప్పడానికే ఈ లెక్క వేసి చూపించాను. వ్యాసం ఒక అంగుళం తగ్గితే పిచ్ రెండు అంగుళాలు పెంచుకోవచ్చని అనుభవజ్ఞులు చెప్పే వాడుక సూత్రానికి మూలం కూడా ఇదే. వేర్వేరు కంపెనీల బ్లేడు ఆకారాలు వేరు కాబట్టి ఈ విలువలను పోలికకు మాత్రమే వాడాలి.

ఇంజిన్ మోయగలిగిన కొలతలు తెలిశాక విమానం వైపు చూడాలి. ఆర్‌పీఎంను పిచ్‌తో గుణించి, వచ్చినదానిని మళ్లీ 0.001524తో గుణిస్తే ప్రొపెల్లర్ వెనక్కి తోసే గాలి వేగం, అంటే పిచ్ వేగం, సుమారుగా గంటకు కిలోమీటర్లలో వస్తుంది. నేల మీద ఇంజిన్ 7,200 ఆర్‌పీఎం ఇస్తోందనుకుంటే, 8 అంగుళాల పిచ్‌తో అది సుమారు 88 కిలోమీటర్లు, 10 అంగుళాల పిచ్‌తో సుమారు 110 కిలోమీటర్లు. అసలు విమానంలో నాలుగో వంతు పరిమాణంలో కట్టిన పైపర్ జే-3 కబ్ రెక్కల పొడవు 106 అంగుళాలకు దగ్గరగా ఉంటుంది. తేలికగా కట్టినది గంటకు 30 కిలోమీటర్ల ప్రాంతంలోనే ఇంకా గాలిలో నిలబడగలదు. విమానం నిలదొక్కుకోలేక కిందకు జారిపోయే ఆ కనీస వేగానికి రెండున్నర నుంచి మూడు రెట్లు పిచ్ వేగం ఉంటే చాలన్నది నమ్మదగిన కొలబద్ద. అందువల్ల కబ్‌కు 19×8 చక్కగా సరిపోతుంది. అదే ఇంజిన్‌ను సన్నని రెక్కలున్న వేగవంతమైన విమానంలో పెడితే 18×10 మేలు. రెండింటికీ ఇంజిన్ మీద పడే బరువు ఒకటే అయినా, అవి విమానానికి నేర్పే నడక వేరు. మొదటి పెట్రోల్ విమానం ఎగరేస్తున్నవారు తక్కువ పిచ్ వైపే మొగ్గాలని నా గట్టి అభిప్రాయం. దిగేటప్పుడు ఇంజిన్‌ను ఐడిల్‌లో పెడితే ఎక్కువ వ్యాసం, తక్కువ పిచ్ ఉన్న ప్రొపెల్లర్ గాలికి బ్రేకులా అడ్డుపడుతుంది. ఎక్కువ పిచ్ ఉన్నది మాత్రం రన్‌వే చివరి వరకు విమానాన్ని లాక్కుపోతూనే ఉంటుంది.

నేలకు, బ్లేడు కొసకు మధ్య ఎంత ఖాళీ మిగులుతుందో కొనక ముందే కొలవాలి. తోక చక్రం ఉన్న విమానమైతే, తోకను ఎత్తి విమానాన్ని సమతలంగా పట్టుకుని కొలవాలి తప్ప, తోక నేల మీద ఉన్నప్పుడు కాదు. గడ్డి మైదానంలో కనీసం రెండు అంగుళాలైనా మిగలాలి.

ఇక పదార్థం. బీచ్ చెక్కతో చేసినవి, గాజుపీచు కలిపిన నైలాన్‌తో పోతపోసినవి, కార్బన్ ఫైబర్‌వి అని ప్రధానంగా మూడు రకాలు దొరుకుతాయి. నేర్చుకునే దశలో చెక్కకు మించినది లేదు. ముక్కు నేలకు తగిలినప్పుడు చెక్క తాను విరిగిపోయి ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్‌ను (ప్రొపెల్లర్‌ను తిప్పే ఇరుసును) కాపాడుతుంది. కార్బన్ బ్లేడు అంత తేలికగా విరగదు కాబట్టి ఆ దెబ్బను నేరుగా షాఫ్ట్‌కు చేరవేస్తుంది. నైలాన్ రకంలో పోత పోసినప్పుడు మిగిలిన అంచు కత్తిలా పదునుగా ఉంటుంది. దానిని సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది మొద్దుబార్చాలి. కార్బన్ బ్లేడును రుద్దవలసి వస్తే నీళ్లు చల్లి, ముక్కుకు మాస్క్ కట్టుకుని రుద్దాలి; దాని పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. గాజుపీచు కలపని ఉత్త నైలాన్ ప్రొపెల్లర్ చిన్న ఇంజిన్లకు పనికి వచ్చినా, పెద్ద పెట్రోల్ ఇంజిన్ కుదుపులకు వంగుతుంది కాబట్టి దాని జోలికి పోవద్దు.

కొత్త ప్రొపెల్లర్ అయినా సరే, సమతూకం చూడకుండా బిగించవద్దు. ఎందుకో ఒక్క లెక్క చెబుతుంది. 7,200 ఆర్‌పీఎం వద్ద, కేంద్రం నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో ఒక బ్లేడు రెండోదాని కంటే ఒక్క గ్రాము ఎక్కువ బరువుంటే, ఇంజిన్‌ను పక్కకు లాగే బలం సుమారు 11.6 కిలోల బరువుకు సమానం. ఆ లాగుడు సెకనుకు 120 సార్లు చుట్టూ తిరిగి వస్తుంది. ఇంజిన్ బిగించిన ముందు పలక మర్లు వదులవడం, ట్యాంకులో పెట్రోల్ నురగ కట్టడం, రిసీవర్ వైర్లు అరిగిపోవడం, సర్వోలు (విమానాన్ని మలిపే భాగాలను కదిపే చిన్న మోటార్లు) పాడవడం, ఇవన్నీ ఆ ఒక్క గ్రాము వల్ల కూడా రావచ్చు.

సమతూకం చూసేందుకు అయస్కాంతాల మధ్య ఇరుసు తేలే బ్యాలెన్సర్ వాడటం ఉత్తమం. కిటికీలు మూసి, ఫ్యాన్ ఆపి, ప్రొపెల్లర్‌ను అడ్డంగా నిలిపి వదలండి. కిందకు దిగిన బ్లేడు బరువైనది. చెక్క ప్రొపెల్లర్ అయితే తేలిక బ్లేడు కొస మీద పల్చగా వార్నిష్ పూసి, ఆరనిచ్చి, మళ్లీ చూడటం నాకు నచ్చిన పద్ధతి; బరువైనదాన్ని రుద్దితే తేమను ఆపే పూత పోతుంది కనుక, రుద్దిన చోట మళ్లీ పూయక తప్పదు. సమతూకం కోసం బ్లేడు ముందు అంచును మాత్రం ఎన్నడూ రుద్దకూడదు, దాని ఆకారమే లాగే బలానికి ప్రాణం. అడ్డంగా నిలబడితే పని అయిపోయినట్టు కాదు. నిలువుగా పెట్టినప్పుడు ఒకే పక్కకు ఒరిగితే లోపం బ్లేడులో లేదు, హబ్‌లో ఉంది. అప్పుడు హబ్ తేలికగా ఉన్న పక్కన కొద్దిగా ఎపాక్సీ అంటించి సరిచేయాలి. ఏ స్థితిలో వదిలితే ఆ స్థితిలోనే కదలకుండా ఆగిన ప్రొపెల్లర్‌నే ఇంజిన్‌కు తగిలించాలి.

బిగింపు రెండు విధాలు. చిన్న ఇంజిన్లకు నడిమధ్య ఒకే నట్టు లేదా బోల్టు ఉంటుంది. పెద్దవాటికి హబ్ చుట్టూ నాలుగో ఆరో బోల్టులుంటాయి. మధ్య రంధ్రం షాఫ్ట్‌కు చాలకపోతే మెట్లు మెట్లుగా ఉండే రీమర్‌ను చేత్తో తిప్పుతూ, రెండు వైపుల నుంచీ కొద్దికొద్దిగా పెద్దది చేయాలి. చేతి డ్రిల్లుతో పెద్దది చేస్తే రంధ్రం పక్కకు జరుగుతుంది. అలా అయ్యాక అంతకు ముందు చూసిన సమతూకమంతా వృథా. చుట్టూ బోల్టుల రంధ్రాల కోసం ఇంజిన్‌కు సరిపోయే డ్రిల్ జిగ్ (రంధ్రాలు సరైన చోట పడేలా దారి చూపే అచ్చు) దొరుకుతుంది; దానిని ప్రొపెల్లర్ వెనుక ముఖానికి బిగించి, కింద వృథా చెక్కముక్క పెట్టి, డ్రిల్ ప్రెస్‌తో నిటారుగా వేయాలి. డ్రిల్ ప్రెస్ లేనివారు దగ్గర్లోని లేత్ వర్క్‌షాపుకు జిగ్‌తో సహా తీసుకెళ్లడం మంచిది. పది నిమిషాల పని. బోల్టులు చేత్తో సాఫీగా జారాలి, సుత్తితో కొట్టవలసిన అవసరం రాకూడదు.

తగిలించే ముందు ఇగ్నిషన్ స్విచ్ ఆఫ్‌లో ఉందని చూసి, బ్యాటరీ తీగను కూడా ఊడదీయండి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌లో హబ్‌లోని అయస్కాంతం సెన్సార్ ముందు నుంచి కదిలితే చాలు, స్పార్క్ వస్తుంది. సిలిండర్‌లో కాస్త పెట్రోల్ ఆవిరి మిగిలి ఉంటే ఇంజిన్ ఒక్కసారి తన్నుతుంది. ప్రొపెల్లర్ పేరు, కొలతలు రాసి ఉన్న, ఉబ్బెత్తుగా ఉండే ముఖం ముందుకు రావాలి. నిదానంగా తిప్పుతూ కంప్రెషన్ తగిలే చోటును, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకుపోయి చేతికి బిగుతుగా అనిపించే చోటును, గుర్తించండి. ఎదురుగా నిలబడి చూసినప్పుడు గడియారంలో పది, పదకొండు గంటల మధ్య ఉన్న బ్లేడుకు కంప్రెషన్ తగలడం మొదలైతే, దాన్ని కిందకు లాగి స్టార్ట్ చేయడం సులువు. స్టార్టర్ వాడేవారు మాత్రం కంప్రెషన్ ఆపిన చోట బ్లేడు అడ్డంగా ఉండేలా బిగించుకుంటే, గాలిలో ఇంజిన్ ఆగిపోయి దిగవలసి వచ్చినప్పుడు బ్లేడు నేలకు తగలకుండా బతుకుతుంది.

ప్రొపెల్లర్ ముందు ముఖానికీ బోల్టు తలలకూ మధ్య ఒక పలక తప్పక వేయాలి. అది లేకుంటే బోల్టు తలలు చెక్కలోకి కూరుకుపోతాయి. బోల్టులను వరుసగా కాక, ఎదురెదురుగా ఉన్నవాటిని ఒకదాని తర్వాత ఒకటిగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. ఇక్కడ చాలామంది చూడనిది బోల్టు పొడవు. అది పొడవైతే మర రంధ్రం అడుగుకు తగిలి ఆగిపోతుంది. ఆలెన్ కీకి గట్టిగా అనిపిస్తుంది గానీ ప్రొపెల్లర్ మీద పట్టు ఉండదు. కొత్త ప్రొపెల్లర్ హబ్ మందం పాతదాని కంటే తక్కువైనప్పుడు జరిగేది ఇదే. మరలకు లాక్ చేసే జిగురు చెక్క ప్రొపెల్లర్ విషయంలో నేను వాడను. తరచూ మళ్లీ బిగించవలసిన చోట అది అడ్డు మాత్రమే.

బిగించాక ఒక పుల్లను బ్లేడు కొసకు తగిలీ తగలనట్టు పక్కన నిలిపి, రెండో బ్లేడును అక్కడికి తిప్పండి. రెండు కొసలూ ఒకే తలంలో, మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల తేడాలో పోవాలి. అంతకు మించితే హబ్ వెనుక చెత్త చేరిందో, రంధ్రాలు వంకరగా పడ్డాయో చూడాలి. స్పిన్నర్ (హబ్‌ను కప్పే ముక్కు టోపీ) కోత బ్లేడుకు ఎక్కడా ఒరుసుకోకూడదు. ఆ చిన్న గాటు నుంచే పగులు మొదలవుతుంది.

మొదటి పరుగుకు విమానం తోకను గట్టిగా కట్టేయాలి, లేదా మరొకరు పట్టుకోవాలి. చేత్తో తిప్పేవారు మందమైన తోలు చేతితొడుగు వేసుకోవాలి. ప్రొపెల్లర్ తిరిగే తలానికి సూటిగా పక్కన ఎవరూ నిలబడకూడదు. అంచు దగ్గర ఊడిన 10 గ్రాముల ముక్క 100 కిలోలకు పైగా బలంతో లాగబడుతున్నది, ఊడిన క్షణాన అది సరిగ్గా ఆ తలంలోనే దూసుకుపోతుంది. పూర్తి థ్రాటిల్‌లో టాకోమీటర్‌ను వెనుక నుంచి పట్టి ఆర్‌పీఎం చూడండి. గాలిలోకి లేచాక ఇంజిన్ మీద ప్రొపెల్లర్ మోపే బరువు తగ్గి ఆర్‌పీఎం సుమారు పదో వంతు పెరుగుతుంది కనుక, నేల మీద వచ్చిన సంఖ్య ఇంజిన్ గరిష్ఠానికి కాస్త దిగువన ఉండాలి. మరీ తక్కువ వస్తే ఇంజిన్ వేడెక్కుతుంది, ప్రొపెల్లర్ చిన్నది చేయాలి. టాకోమీటర్‌లో రెండు బ్లేడ్లు అని ఎంచుకోవడం మరవవద్దు. ట్యూబులైటు కింద చూస్తే మాత్రం అది 3,000 చూపవచ్చు; మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దీపం సెకనుకు 100 సార్లు మిణుకుమంటుంది, పరికరం ఆ మిణుకునే బ్లేడుగా లెక్కిస్తుంది. ఎండలోనే కొలవండి.

మొదటి విహారం అయ్యాక చేయవలసిన పని ఒకటి మిగిలి ఉంటుంది, దాన్ని వదిలేసేవారు ఎక్కువ. స్పిన్నర్ విప్పి ప్రతి బోల్టునూ మళ్లీ బిగించండి. చెక్క కొత్తలో నొక్కుకుంటుంది. వానాకాలంలో తేమకు ఉబ్బి, వానలు వెళ్లి గాలి పొడిబారాక ముడుచుకుంటుంది. వర్షాకాలంలో గట్టిగా బిగించి వాడుతూ వచ్చిన నా ప్రొపెల్లర్‌ను సంక్రాంతి రోజుల్లో విప్పబోతే, ఆలెన్ కీ వేలి ఒత్తిడికే పావు చుట్టు తిరిగింది. వెనుక ముఖాన హబ్ పలక ఆనే చోట గోధుమ రంగు వలయం కనిపించింది, గోరుతో గీకితే కాలిన చెక్క వాసన వచ్చింది. వదులైన ప్రొపెల్లర్ హబ్ మీద జారుతూ వేడెక్కిందనడానికి అదే గుర్తు. ఆ వలయం కనిపించిన ప్రొపెల్లర్‌ను మళ్లీ బిగించి వాడకూడదు, పక్కన పెట్టాలి. గాటు, పగులు, కొస చిట్లడం కనిపించినా అంతే. జిగురుతో అతికించి ఎగరేయవద్దు. మరొకరు పొరపాటున వాడకుండా దాన్ని మధ్యకు విరిచి పారేయండి. ఎగరేసే ప్రతి ఉదయం, పెట్రోల్ పోయక ముందే బోల్టుల బిగువు ఒకసారి చూసుకోండి.