అరకు, లంబసింగి కొండల్లో ఏ కాలంలో ఏం చేయాలి?

డిసెంబరు చివరి వారంలో అనంతగిరి ఘాట్ రోడ్డు మీద కార్లు బారులు తీరి ఉంటాయి. గదుల అద్దెలు పెరిగిపోతాయి, వంజంగి కొండ మీద నిలబడడానికి చోటు దొరకడమే కష్టమవుతుంది. నిజానికి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని ఈ కొండలు పన్నెండు నెలలూ ఆరుబయట గడపడానికి అనువైనవే. కాకపోతే ఒక్కో కాలానికి చేయదగిన పనీ, చూడదగిన చోటూ వేరు. చలికాలంలో చేయాల్సింది వానాకాలంలో చేయబోతే నిరాశే మిగులుతుంది, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే చూడవలసిన స్థలాల జాబితా చేతబట్టుకుని బయలుదేరడం కంటే, ముందు కాలాన్ని చూసుకుని దానికి తగిన పనిని ఎంచుకోవాలన్నది నా గట్టి అభిప్రాయం.

దానికంటే ముందు ఈ ప్రాంతం ఎలా ఉంటుందో తెలుసుకోవాలి. విశాఖపట్నం నుంచి శృంగవరపుకోట మీదుగా ఘాట్ ఎక్కితే మొదట అనంతగిరి, ఆ తరువాత విశాఖకు సుమారు 115 కిలోమీటర్ల దూరాన అరకులోయ వస్తాయి. ఈ లోయ సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. లంబసింగి మాత్రం చింతపల్లి మండలంలో, నర్సీపట్నం వైపు నుంచి ఎక్కే మరో ఘాట్ మీద ఉంది. ఈ రెండింటి నడుమ జిల్లా కేంద్రమైన పాడేరు ఉంటుంది. ఈ సంగతి తెలియక అరకులో బస చేసి, తెల్లవారేసరికి లంబసింగి చేరుకుందామని అర్ధరాత్రి బయలుదేరేవారు ఉన్నారు. చీకట్లో, పొగమంచులో, మలుపుల దారిలో అది ఎంతమాత్రం తగని సాహసం. మూడు రాత్రులు వీలు చేసుకోగలిగితే నర్సీపట్నం వైపు నుంచి ఎక్కి లంబసింగిలో ఒక రాత్రి, పాడేరులో ఒక రాత్రి, అరకులో ఒక రాత్రి గడిపి శృంగవరపుకోట వైపు దిగడం మంచి పద్ధతి. అలా చేస్తే వెళ్లిన దారినే తిరిగి రావలసిన అవసరం ఉండదు. హైదరాబాదు నుంచి రైల్లో వచ్చేవారు తునిలో గానీ అనకాపల్లిలో గానీ దిగి నర్సీపట్నం చేరవచ్చు.

అరకు ఒక్కటే చూడదలచుకున్నవారికి రైలే ఉత్తమం. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గం ఇది. సొరంగాల్లోంచి, వంతెనల మీదుగా కొండ ఎక్కుతూ శిమిలిగూడ స్టేషను దగ్గర 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. విశాఖలో ఉదయం బయలుదేరే రైలుకు 2017 నుంచి అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టెను కూడా జోడిస్తున్నారు. దానిలో సీట్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి తేదీ నిశ్చయించుకున్న రోజే టికెట్టు తీసుకోవడం మేలు. వానాకాలంలో మాత్రం కొండచరియలు విరిగిపడి రైళ్లు రద్దయ్యే అవకాశం ఉన్నందున, ముందు రోజు సాయంత్రం ఒకసారి విచారించుకోవాలి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అందరూ వెతుక్కుంటూ వచ్చేది కొండల నడుమ పరుచుకునే మంచును చూడడానికే. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి గాలి కదలకపోతే నేల త్వరగా వేడిని కోల్పోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి జారుతుంది, అక్కడి తేమ పొగమంచుగా మారుతుంది. కాబట్టి దానిని చూడాలంటే లోయలో కాదు, లోయకు పైన ఉండాలి. పాడేరుకు చేరువలోని వంజంగి, అరకు దగ్గరి మాడగడ ఇందుకు తగిన చోట్లు. ముందు రోజు రాత్రి మబ్బు పట్టి ఉన్నా, గాలి గట్టిగా వీస్తున్నా తెల్లవారి ఆ దృశ్యం దక్కే అవకాశం తక్కువ. అలాంటప్పుడు ఆ ప్రయత్నాన్ని మరునాటికి వాయిదా వేసుకునేలా ప్రయాణంలో కొంత వెసులుబాటు ఉంచుకోవాలి.

వంజంగికి వెళ్లేవారు సూర్యోదయానికి కనీసం గంటన్నర ముందే కొండ అడుగుకు చేరుకోవాలి. వాహనం ఆగిన చోటు నుంచి పైదాకా నడకే. దారిలో రాళ్లు, కాలి కింద జారే వదులు మట్టి ఉంటాయి గనుక అడుగు పట్టు ఉన్న బూట్లు, తలకు కట్టుకునే టార్చిలైటు ఉంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఎక్కుతున్నంతసేపూ ఒళ్లు చెమట పడుతుంది, పైన నిలబడగానే ఆ చెమటే వణుకు పుట్టిస్తుంది. అందుచేత స్వెట్టరును ఎక్కేటప్పుడు సంచిలోనే ఉంచుకుని, పైకి చేరాక తడిసిన చొక్కా మార్చుకుని అప్పుడు తొడుక్కోవాలి. సూర్యుడు కనిపించగానే ఫొటోలు తీసుకుని దిగిపోయేవారే ఎక్కువ. నన్నడిగితే ఆ తరువాతి అరగంటే అసలు చూడదగినది. ఎండ తగిలి పొగమంచు పీలికలుగా విడిపోతూ ఉంటే కింది వాలులోని చెట్ల కొనలు, ఆ తరువాత పొలాల గట్లు, చివరికి ఊళ్ల పైకప్పులు ఒక్కొక్కటిగా బయటపడతాయి. జనం కూడా అప్పటికి పలచబడతారు.

లంబసింగిలో డిసెంబరు, జనవరి నెలల్లో కొన్ని తెల్లవారుజాముల్లో ఉష్ణోగ్రత సున్నాకు దగ్గరగా పడిపోతుంది. అద్దెకు దొరికే డేరాల్లో పడుకునేవారు పైన కప్పుకునేదాని కంటే కింద పరచుకునేదాని మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి, ఎందుకంటే చలి నేలలోంచే ఎక్కుతుంది. చలికి తాళలేక బొగ్గుల కుంపటిని డేరాలోకి తెచ్చుకోవడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. మూసిన డేరాలో దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

కాఫీ పండ్లు కోతకు వచ్చేది కూడా ఈ చలికాలంలోనే. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీని గిరిజన రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడలో పెంచుతారు, ఆ చెట్ల మొదళ్లకు మిరియాల తీగలు అల్లుకుని ఉంటాయి. అనంతగిరి చుట్టుపక్కల తోటల్లో రైతు అనుమతి తీసుకుని ఒక గంట నడిచి రండి. ఎర్రగా మాగిన పండును వేళ్ల మధ్య నొక్కితే తియ్యటి జిగురుతో రెండు గింజలు బయటికి జారుతాయి. అడిగి ఒక్కటి రుచి చూడండి గానీ, పచ్చి కాయలను మాత్రం తెంపకండి. వాటి మీదే ఆ కుటుంబం ఏడాది రాబడి ఆధారపడి ఉంటుంది.

ఇక వానాకాలం. జనం తక్కువ, గదులు చవక, కొండలన్నీ పచ్చగా ఉంటాయి కాబట్టి జూలై నుంచి సెప్టెంబరు దాకా నడిచే కాలమే నాకు అన్నింటికంటే ఇష్టం. కానీ అన్నింటికంటే జాగ్రత్త అవసరమైనదీ ఇదే. బొర్రా దగ్గరి కటికి, డుంబ్రిగుడ మండలంలోని చాపరాయి, జి. మాడుగుల మండలంలోని కొత్తపల్లి జలపాతాలు ఈ నెలల్లో నిండుగా ఉంటాయి. మీరున్న చోట చినుకు లేకపోయినా ఎగువ కొండల్లో కురిసిన వాన కాసేపట్లో మీ దగ్గరికి వచ్చేస్తుంది. అంతవరకూ తేటగా ఉన్న నీరు బురద రంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, నీటి హోరు పెరిగినా సామాను కోసం ఆగకుండా వెంటనే గట్టెక్కాలి. చాపరాయి దగ్గర నీరు విశాలమైన బండ మీదుగా పలచగా జారుతుంది, చూడడానికి పిల్లలు ఆడుకోదగినట్టే ఉంటుంది. అయితే తెల్లగా పొడిగా కనిపించే బండ మీద కాలు నిలుస్తుంది, నల్లగా ఆకుపచ్చగా నిగనిగలాడే చోట పాచి ఉంటుంది. అక్కడ ఏ చెప్పులూ పనికిరావు. వాన మరీ ముదిరిన రోజున జలపాతాల జోలికి పోకుండా బొర్రా గుహలకు వెళ్లండి. గోస్తనీ నది సున్నపురాయిని కరిగించి తొలిచిన గుహలవి, పైనుంచి కిరండూల్ రైలు వెళుతుంది. మెట్లు తడిగా ఉంటాయి గనుక పెద్దవారిని చేయి పట్టుకుని దించాలి. సాయంత్రం మిగిలితే అరకులోని గిరిజన మ్యూజియం ఉంది.

అక్టోబరు, నవంబరు నెలల్లో వలిసె అనే నూనెగింజల పంట చేలు పసుపుపచ్చగా పూస్తాయి. సైకిలు మీద గానీ కాలినడకన గానీ లోయలోని పల్లె దారుల్లో తిరగడానికి ఇంతకంటే మంచి సమయం లేదు. ఫొటోల కోసం చేనులోకి దిగి పైరును తొక్కవద్దు. గట్టు మీద నిలబడినా ఫొటో అంతే చక్కగా వస్తుంది. ఇవే తుపానుల నెలలు కూడా. 2014 అక్టోబరు 12న విశాఖ తీరాన్ని దాటిన హుద్‌హుద్ ధాటికి అరకు లోయలోనూ చెట్లు పెద్ద ఎత్తున కూలాయి. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని వాతావరణ శాఖ చెప్పినప్పుడు ప్రయాణం మానుకోవడమే సరైన నిర్ణయం.

వేసవిలో పగలు ఎండ గట్టిగానే ఉంటుంది గానీ ఉదయాలు, రాత్రులు మైదానం కంటే ఎంతో చల్లగా ఉంటాయి. తొలి జల్లులు పడిన తరువాత మార్చి, ఏప్రిల్ నెలల్లో కాఫీ తోటలు తెల్లగా పూసి మల్లెలను తలపించే వాసనతో నిండిపోతాయి. ఆ పూత కొద్ది రోజులే ఉంటుంది. నడకలన్నీ ఉదయం పదింటిలోపు ముగించుకోవాలి, మధ్యాహ్నం తరువాత ఉరుములు వినిపిస్తే కొండ శిఖరాల మీద, ఒంటరి చెట్ల కింద ఉండకూడదు. అడవి ఎండిపోయి ఉండే ఈ రోజుల్లో చలిమంటలు, ఆర్పని సిగరెట్లు కార్చిచ్చుకు కారణమవుతాయి. చైత్రమాసంలో జరిగే ఇటుకల పండుగ సమయంలో దారిలో మహిళలు పాటలు పాడుతూ వాహనాలను ఆపవచ్చు. అది వారి పండుగ ఆచారం, చిరునవ్వుతో ఎంతో కొంత ఇచ్చి సాగిపోండి.

ఏ కాలంలో వెళ్లినా పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి ఫోను చెల్లింపుల మీదే ఆధారపడకుండా చిల్లరతో సహా నగదు ఉంచుకోండి, పెట్రోలు కొండ ఎక్కకముందే నింపుకోండి. ఏజెన్సీలో మలేరియా ఉంది. సాయంత్రమయ్యాక నిండు చేతుల చొక్కా వేసుకోవాలి, దోమతెర ఉన్న గదినే అడగాలి. తిరిగి వచ్చిన కొద్ది వారాల్లో జ్వరం వస్తే ఈ ప్రాంతానికి వెళ్లిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి. వారపు సంత ఏ రోజో బస చేసిన చోట కనుక్కుని వెళ్లి పసుపు, మిరియాలు, పనసపండ్లు పండించినవారి దగ్గరే బేరమాడకుండా కొనండి. మనుషుల ఫొటో తీసేముందు అనుమతి అడగండి. తెచ్చిన ప్లాస్టిక్కు సీసాలను తిరిగి కొండ దిగేదాకా వాహనంలోనే ఉంచుకోండి.

దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచితే అది వేడెక్కి పట్టు తప్పుతుంది కాబట్టి, ఎక్కిన గేరులోనే దిగాలి. ప్రతి మలుపులోనూ హారను కొట్టాలి, ఎక్కే వాహనానికి దారి ఇవ్వాలి. చలికాలంలో పొద్దు త్వరగా వాలుతుంది గనుక మధ్యాహ్నం మూడింటికల్లా అరకు విడిచి బయలుదేరితే చీకటి పడకముందే ఘాట్ దాటవచ్చు.