పోర్చుగల్‌లోని పోర్తోలో ఆఖరి రోజు: వైన్ సీసాలు భీమవరం చేరాలంటే

ఆఖరి రోజు కొత్త వైన్లు రుచి చూస్తూ కూర్చోకండి. పొద్దున్నే బొల్యావ్ మార్కెట్‌కి పొండి. ఉప్పు పట్టించి ఎండబెట్టిన కాడ్ చేప చూస్తే మన నరసాపురం వాళ్ళకి ప్రాణం లేచొస్తుంది. కొనకండి, సూట్‌కేసంతా వాసనే.

మధ్యాహ్నం 1886 నాటి ఇనుప వంతెన మీద డోరో నది దాటి (మన గోదావరి ముందు అదెంత లెండి) అవతలి ఒడ్డున ఉన్న గాయా ఊళ్ళో టానీ పోర్ట్ (పీపాల్లో మాగబెట్టిన తియ్యటి వైన్) కొనండి. ఇందులో ఆల్కహాల్ 20 శాతం దాకా ఉంటుంది, మూత తీశాక కూడా కొన్ని వారాలు నిలుస్తుంది. మా బావగారిలా పండగకో చుక్క వేసేవాళ్ళకి అదే సరి.

మనిషికి 2 లీటర్ల వరకే సుంకం ఉండదు, అంటే 750 మి.లీ. సీసాలు రెండు. ఒక్కోదాన్ని లుంగీలో చుట్టి, చెకిన్ సూట్‌కేసు నడిమధ్యలో పెట్టండి. హైదరాబాద్‌లో కస్టమ్స్ దాటాక రాజమండ్రి విమానానికి ఆ సూట్‌కేసుని మళ్ళీ అప్పగించాలి.