రెండు కంప్యూటర్లకు ఒకే జత మానిటర్లు, ఒకే కీబోర్డు: ఎలా కలపాలి?

ఆఫీసు వాళ్లిచ్చిన లాప్‌టాప్ ఒకటి, సొంతంగా కొనుక్కున్న డెస్క్‌టాప్ ఒకటి. టేబుల్ మాత్రం ఒక్కటే. మియాపూర్‌లోనో మణికొండలోనో ఫ్లాట్‌లో ఓ మూల వేసుకున్న ఆ టేబుల్ మీద రెండు మానిటర్లు పట్టడమే కష్టం. ఇక రెండు కీబోర్డులు, రెండు మౌస్‌లకు చోటెక్కడిది? అందుకే వారంలో రెండు మూడు రోజులు ఇంటి నుంచి పనిచేసే వాళ్లు చాలామంది పొద్దున టేబుల్ కిందికి దూరి కేబుళ్లు పీకి లాప్‌టాప్‌కి పెడతారు. సాయంత్రం మళ్లీ పీకి డెస్క్‌టాప్‌కి పెడతారు. పోర్టులు వదులైపోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

ఈ సంగతి ఎవరికి చెప్పినా 'కేవీఎం స్విచ్ కొనుక్కో' అంటారు. కీబోర్డు, వీడియో, మౌస్ మూడింటినీ ఒక్క బటన్‌తో ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి మార్చే పెట్టె అది. మంచి వస్తువే. కానీ రెండు మానిటర్లకు పనికొచ్చేది ఖరీదెక్కువ, నాసిరకంది తెచ్చుకుంటే తలనొప్పి ఇంకా ఎక్కువ. నన్నడిగితే దాని గురించి ఆఖర్న ఆలోచించాలి. తెర మీద బొమ్మ మార్చడం ఒక పని, కీబోర్డు, మౌస్ మార్చడం ఇంకో పని. మొదటి పనికి కావాల్సిన స్విచ్ మీ మానిటర్‌లోనే ఉంది. డబ్బు పెట్టాల్సింది రెండోదానికే.

ముందు పోర్టులు చూసుకోండి

ఏదైనా కొనేముందు మానిటర్లను వెనక్కి తిప్పి, ఏ పోర్టులు ఎన్ని ఉన్నాయో కాగితం మీద రాసుకోండి. మన పద్ధతికి ఒక్కో మానిటర్‌కి రెండు వీడియో ఇన్‌పుట్‌లు కావాలి. ఈ మధ్య వచ్చినవాటిలో ఒక హెచ్‌డీఎంఐ, ఒక డిస్‌ప్లేపోర్ట్ ఉండడం మామూలే. పాతవైతే హెచ్‌డీఎంఐ, వీజీఏ ఉంటాయి. వీజీఏతో కూడా పని నడుస్తుంది, అక్షరాలు కాస్త మసకగా కనిపిస్తాయంతే.

తర్వాత కంప్యూటర్లు. డెస్క్‌టాప్‌లో గ్రాఫిక్స్ కార్డు ఉంటే మానిటర్ కేబుళ్లు దానికే పెట్టాలి, పైన మదర్‌బోర్డు మీద కనిపించే పోర్టులకు కాదు. లాప్‌టాప్ దగ్గరే అసలు చిక్కు. దానికి సాధారణంగా ఒక్క హెచ్‌డీఎంఐ ఉంటుంది, రెండో మానిటర్‌కి టైప్-సి పోర్టే దిక్కు. అయితే టైప్-సి ఆకారం ఉన్న ప్రతి పోర్టూ వీడియో పంపదు. కొన్ని ఛార్జింగుకీ డేటాకే పనికొస్తాయి. పోర్టు పక్కన థండర్‌బోల్ట్ మెరుపు గుర్తుగానీ, డిస్‌ప్లేపోర్ట్ గుర్తుగానీ ఉంటే వీడియో వస్తుంది. గుర్తు లేకపోతే మోడల్ నంబరుతో కంపెనీ సైట్లో స్పెసిఫికేషన్లు చూడండి.

మ్యాక్‌బుక్ వాడేవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. మామూలు ఎం1, ఎం2 చిప్ ఉన్న మ్యాక్‌బుక్‌లు బయటి మానిటర్ ఒక్కదాన్నే నడుపుతాయి. ఎం3 ఎయిర్ రెండింటిని నడుపుతుంది, కానీ మూత మూసి ఉంచాలి. ఎం4 నుంచి మూత తెరిచి ఉన్నా రెండూ వస్తాయి. ప్రో, మ్యాక్స్ చిప్‌లకు ఈ గొడవ లేదు. పాత చిప్‌తోనే రెండు మానిటర్లు కావాలంటే డిస్‌ప్లేలింక్ అనే టెక్నాలజీతో పనిచేసే డాక్, అంటే ఒక్క కేబుల్‌తో లాప్‌టాప్‌కి చాలా పోర్టులు ఇచ్చే పెట్టె, కొనాలి. దానికి డ్రైవర్ వేయాలి, ఆఫీసు మెషిన్‌లో వేయనిస్తారో లేదో అడిగాకే డాక్ కొనండి.

బొమ్మ సంగతి: కేబుళ్లు నాలుగు

రెండు కంప్యూటర్లనుంచీ రెండు మానిటర్లకూ నేరుగా కేబుళ్లు వేసేయడమే. డెస్క్‌టాప్ నుంచి రెండు డిస్‌ప్లేపోర్ట్‌లకి, లాప్‌టాప్ నుంచి రెండు హెచ్‌డీఎంఐలకి పెట్టుకుంటే గుర్తుంచుకోవడం సులువు. లాప్‌టాప్ వైపు ఒకటి మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్, రెండోది టైప్-సి నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్.

కేబుల్ కొనేటప్పుడు జనం ఎక్కువగా మోసపోయేది ఒక్క చోట. ఒక కొసన డిస్‌ప్లేపోర్ట్, ఇంకో కొసన హెచ్‌డీఎంఐ ఉన్న కేబుల్ రెండు వైపులా పనిచేయదు. డిస్‌ప్లేపోర్ట్ కొస కంప్యూటర్‌కి, హెచ్‌డీఎంఐ కొస మానిటర్‌కి పెడితేనే బొమ్మ వస్తుంది. తిప్పి పెడితే 'నో సిగ్నల్' అంటూ కూర్చుంటుంది. కంప్యూటర్‌లో హెచ్‌డీఎంఐ, మానిటర్‌లో డిస్‌ప్లేపోర్ట్ మాత్రమే ఉంటే మామూలు కేబుల్ చాలదు, కరెంటు తీసుకుని పనిచేసే కన్వర్టర్ కావాలి.

కేబుళ్లు పెట్టాక రెండు కంప్యూటర్లూ ఆన్ చేసి, విండోస్ మీట, పి కలిపి నొక్కి 'ఎక్స్‌టెండ్' ఎంచుకోండి. మానిటర్ మెనూలో ఇన్‌పుట్ మార్చి చూడండి. ఒకసారి డెస్క్‌టాప్, ఒకసారి లాప్‌టాప్ రావాలి. అదే మెనూలో 'ఆటో సోర్స్' లాంటి పేరుతో ఒక ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆఫ్ చేయడం మంచిది. లేకపోతే ఒక కంప్యూటర్ నిద్రలోకి జారగానే మానిటర్ తనంతట తానే రెండోదానికి దూకేస్తుంది.

ఈ పద్ధతిలో కేవీఎంలో తేలిగ్గా దొరకని సుఖం ఒకటుంది. ఎడమ మానిటర్‌లో ఆఫీసు మీటింగు, కుడి మానిటర్‌లో సొంత డెస్క్‌టాప్ పెట్టుకోవచ్చు. కాకపోతే లాప్‌టాప్ దృష్టిలో రెండు తెరలూ దానివే. ఏదైనా విండో కనిపించని తెర మీద తెరుచుకుంటే కంగారు పడొద్దు. విండోస్, షిఫ్ట్, బాణం మీటలు కలిపి నొక్కితే అది కళ్లముందున్న తెర మీదికి వచ్చేస్తుంది.

కీబోర్డు, మౌస్: చిన్న యూఎస్‌బీ స్విచ్

కొనాల్సిన అసలు వస్తువు ఇదే. రెండు కంప్యూటర్లకు రెండు కేబుళ్లు వెళ్తాయి, ముందు రెండో నాలుగో యూఎస్‌బీ పోర్టులు, పైన ఒక బటన్. కేవీఎం ధరలో చిన్న వంతుకే వస్తుంది. కీబోర్డు, మౌస్‌ల వరకైతే యూఎస్‌బీ 2.0 స్విచ్ చాలు. బటన్ వైరుతో విడిగా వచ్చే రకం తీసుకుంటే పెట్టెను టేబుల్ కింద అతికించి, బటన్ ఒక్కటే చేతికందేలా పెట్టుకోవచ్చు.

వైర్‌లెస్ మౌస్ డాంగిల్‌ని, అంటే మౌస్‌తో వచ్చే చిన్న యూఎస్‌బీ ముక్కని, కూడా ఈ స్విచ్‌కే పెట్టండి. మౌస్ ఆగి ఆగి కదులుతుంటే బ్యాటరీని తిట్టకముందు డాంగిల్ ఎక్కడుందో చూడండి. యూఎస్‌బీ 3.0 పోర్టుల్లో డేటా నడిచేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో రొద పుడుతుంది. ఈ డాంగిళ్లు పనిచేసేదీ ఆ ఫ్రీక్వెన్సీలోనే. చిన్న ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ని కాస్త దూరం జరిపితే సరిపోతుంది.

ఈ స్విచ్‌కి పెట్టకూడనివీ ఉన్నాయి. పెన్‌డ్రైవ్, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ అస్సలు వద్దు. ఫైళ్లు కాపీ అవుతుండగా బటన్ నొక్కడమంటే డిస్కును చేత్తో లాగేయడమే. ఫైళ్లు పాడవ్వచ్చు. వెబ్‌క్యామ్, హెడ్‌సెట్ కూడా మీటింగులు జరిగే కంప్యూటర్‌కే నేరుగా పెట్టేయండి. మీటింగు మధ్యలో డెస్క్‌టాప్‌లో ఏదో చూద్దామని బటన్ నొక్కితే అవతలివాళ్లకు మీ బొమ్మా గొంతూ రెండూ పోతాయి. పాటలు వినడానికైతే ఇయర్‌ఫోన్స్ మానిటర్ వెనకున్న ఆడియో జాక్‌కి పెట్టండి. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లేపోర్ట్ రెండూ శబ్దాన్ని మోస్తాయి కాబట్టి తెర మీద ఏ కంప్యూటర్ ఉంటే దాని శబ్దమే వస్తుంది. మైకు మాత్రం ఆ దారిలో పనిచేయదు. ప్రింటర్ వైఫైది అయితే దేనికీ పెట్టక్కర్లేదు.

మూడు పరికరాలతో జత అయ్యే బ్లూటూత్ కీబోర్డు, మౌస్ ఉంటే యూఎస్‌బీ స్విచ్ లేకుండా గడిచిపోతుంది కదా అనొచ్చు. గడుస్తుంది. కానీ బ్లూటూత్ సాధారణంగా విండోస్ పైకి వచ్చాకే పనిచేస్తుంది. ఆన్ చేయగానే, విండోస్ రాకముందే, బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే విండోస్ సదుపాయం) పిన్ అడిగే ఆఫీసు లాప్‌టాప్‌లు ఉన్నాయి. అప్పుడు మూత తెరిచి లాప్‌టాప్ కీబోర్డు మీదే కొట్టాలి.

ఒక్క బటన్‌తోనే తెరలూ మారాలంటే

ఇప్పటిదాకా చేసినదాంట్లో ఒక్కటే అసౌకర్యం. యూఎస్‌బీ బటన్ నొక్కాక రెండు మానిటర్ల మెనూల్లోకి వెళ్లి ఇన్‌పుట్‌లు మార్చాలి. కొందరికి ఇది పెద్ద విషయం కాదు. రోజుకు పదిసార్లు మారేవాళ్లకు విసుగే.

దీనికి మందు మానిటర్‌లోనే ఉన్న డీడీసీ/సీఐ. కంప్యూటర్ వీడియో కేబుల్ గుండానే మానిటర్‌కి 'వెలుతురు తగ్గించు', 'ఇన్‌పుట్ మార్చు' లాంటి ఆదేశాలు పంపే పద్ధతి అది. ముందు మానిటర్ మెనూలో డీడీసీ/సీఐ ఆన్‌లో ఉందో లేదో చూడండి. తర్వాత మీ డెస్క్‌టాప్‌లో డిస్‌ప్లే-స్విచ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. యూఎస్‌బీ స్విచ్‌ని అది కనిపెడుతూ ఉంటుంది. కీబోర్డు డెస్క్‌టాప్‌కి రాగానే మానిటర్లను డిస్‌ప్లేపోర్ట్‌కి, కీబోర్డు వెళ్లిపోగానే హెచ్‌డీఎంఐకి మారమని చెబుతుంది. అంటే రెండు వైపుల పనీ డెస్క్‌టాపే చూసుకుంటుంది, ఆఫీసు లాప్‌టాప్‌లో ఏమీ వేయక్కర్లేదు. సాఫ్ట్‌వేర్ వేయనివ్వని కంపెనీల్లో పనిచేసేవాళ్లకు ఇది వరం.

కొన్ని మానిటర్లు మాత్రం ఆ సమయంలో తెర మీద ఉన్న కంప్యూటర్ మాటే వింటాయి, రెండో ఇన్‌పుట్ నుంచి వచ్చే ఆదేశాన్ని పట్టించుకోవు. అలాంటి మానిటర్‌తో వెళ్లేటప్పుడు దానంతటదే మారుతుంది, తిరిగొచ్చేటప్పుడు చేత్తో మార్చుకోవాలి.

అయినా కేవీఎం కావాలనుకుంటే

మానిటర్‌కి ఒక్క ఇన్‌పుటే ఉన్నా, కంప్యూటర్లు మూడైనా, మెనూ బటన్ల గోల అసలు వద్దనుకున్నా కేవీఎం తీసుకోవచ్చు. సికింద్రాబాద్‌లో ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లో ఉన్న సీటీసీ, అదే చెనాయ్ ట్రేడ్ సెంటర్, ఇలాంటి సామానుకు పేరున్న చోటు. కౌంటర్లో ఏది చూపించినా "ఫోర్‌కే వస్తుంది సార్" అంటారు. "అన్నా, ఫోర్‌కే సరే, ఎన్ని హెర్ట్జ్‌లో?" అని అడగండి. సెకనుకు తెర మీద బొమ్మ ఎన్నిసార్లు మారుతుందో చెప్పే లెక్క అది. హెచ్‌డీఎంఐ 1.4 పెట్టెలో 4కె 30 హెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, మౌస్ కదిలినా ఈడ్చినట్టుంటుంది. 60 కావాలంటే హెచ్‌డీఎంఐ 2.0 గానీ, డిస్‌ప్లేపోర్ట్ 1.2 గానీ, ఆపైది గానీ ఉండాలి. మీవి 1080పీ మానిటర్లయి, 60 హెర్ట్జ్ చాలనుకుంటే ఈ టెన్షన్ లేదు.

రెండో ప్రశ్న: అది రెండు మానిటర్లదేనా? 'టు పోర్ట్' అని రాసి ఉంటే రెండు కంప్యూటర్లకని అర్థం, రెండు మానిటర్లకని కాదు. పెట్టె వెనక ఒక్కో కంప్యూటర్‌కి రెండేసి వీడియో ఇన్‌పుట్‌లు, మానిటర్లకు రెండు అవుట్‌పుట్‌లు కనిపించాలి.

మూడోది ఈడీఐడీ ఎమ్యులేషన్. మానిటర్ తన పేరు, సైజు, రిజల్యూషన్ కంప్యూటర్‌కి చెప్పుకునే సమాచారం ఈడీఐడీ. స్విచ్ నొక్కగానే ఆ సమాచారం తెగిపోతే, వెళ్లిపోయిన కంప్యూటర్ 'మానిటర్ పీకేశారు' అనుకుని విండోలన్నీ ఒకే తెర మీద కుప్పపోస్తుంది. ఎమ్యులేషన్ ఉన్న కేవీఎం మానిటర్ ఇంకా అక్కడే ఉందని కంప్యూటర్‌ని నమ్మిస్తుంది. అది లేకపోతే విండోస్ 11 సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే కింద, మల్టిపుల్ డిస్‌ప్లేస్‌లో, మానిటర్ కనెక్షన్‌ని బట్టి విండోల స్థానాలు గుర్తుంచుకునే ఆప్షన్ ఆన్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

కేవీఎంకి విడిగా అడాప్టర్ ఉంటే దాన్ని కూడా యూపీఎస్‌కే పెట్టండి. ఎండాకాలంలో కరెంటు పోయినప్పుడు కంప్యూటర్లు, మానిటర్లు బతికే ఉండి మధ్యలో ఈ పెట్టె ఆరిపోతే ఏమీ చేయలేరు.

రెండూ ఒకేసారి వాడాలంటే

ఇది వేరే అవసరం. ఒక మానిటర్‌లో ఒక కంప్యూటర్, రెండోదాంట్లో ఇంకోటి ఉంచి, మౌస్‌ని అంచు దాటించి అటు ఇటు తిరగాలనుకుంటే సాఫ్ట్‌వేర్ చాలు. విండోస్‌కి మైక్రోసాఫ్ట్ వారి పవర్‌టాయ్స్‌లో మౌస్ వితౌట్ బోర్డర్స్ ఉంది, ఉచితం, నాలుగు కంప్యూటర్ల దాకా కలుపుతుంది. మ్యాక్, ఐప్యాడ్‌లకు యాపిల్ వారి యూనివర్సల్ కంట్రోల్. ఒకటి విండోస్, ఒకటి మ్యాక్ లేదా లినక్స్ అయితే డెస్క్‌ఫ్లో.

ఆఫీసు లాప్‌టాప్ అయితే ఇక్కడ రెండు అడ్డంకులు. వీపీఎన్ ఆన్ చేయగానే ఇంటి నెట్‌వర్క్‌తో సంబంధం తెగిపోవచ్చు, అప్పుడు మౌస్ అంచు దగ్గరే ఆగిపోతుంది. రెండోది ఇంకా ముఖ్యం. ఈ ప్రోగ్రాములు కాపీ చేసిన టెక్స్ట్‌ని కూడా ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి మోస్తాయి. క్లయింట్ డేటా సొంత మెషిన్‌లోకి వెళ్లే దారి తెరిచినట్టే కాబట్టి, ఐటీ వాళ్లను అడగకుండా ఆఫీసు లాప్‌టాప్‌లో ఇవి వేయొద్దు.

చివరగా చూసుకోవాల్సినవి

లాప్‌టాప్ మూత మూసి వాడేటట్టయితే పవర్ సెట్టింగ్స్‌లో, ఛార్జర్ పెట్టి ఉన్నప్పుడు మూత మూస్తే 'డు నథింగ్' అని మార్చండి. పక్కల గాలి ఆడేలా నిలబెట్టండి, మే నెలలో ఏసీ లేని గదిలో అయితే మూత కొంచెం తెరిచి ఉంచడమే నయం. ప్రతి కేబుల్‌కీ రెండు కొసల్లోనూ తెల్ల టేపు చుట్టి పేరు రాయండి.

తర్వాత పరీక్ష. రెండు కంప్యూటర్లనూ నిద్రపుచ్చి, ఒక్కొక్కటే లేపండి. కీబోర్డు మీట నొక్కినా లేవకపోతే బటన్ ఏ వైపు ఉందో చూడండి. నిద్రపోతున్న కంప్యూటర్ దగ్గర కీబోర్డు లేకపోతే దాన్ని పవర్ బటన్‌తోనే లేపాలి. కీబోర్డు దానివైపే ఉన్నా లేవకపోతే డివైస్ మేనేజర్‌లో ఆ కీబోర్డు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో పవర్ మేనేజ్‌మెంట్ కింద కంప్యూటర్‌ని నిద్ర లేపనిచ్చే గడిలో టిక్ పెట్టండి.