పాత పికప్‌లో సెల్ఫ్ నీరసంగా తిరుగుతోందా? ముందు ఎర్త్ వైరు చూడండి

సెల్ఫ్ నీరసంగా తిరిగినా, హెడ్‌లైట్లు మసకబారినా వెంటనే కొత్త బ్యాటరీ కొనేయకండి. పాత బండ్లలో చాలాసార్లు లోపం ఎర్త్ వైరులోనే, అంటే బ్యాటరీ నెగటివ్‌ను ఇంజిన్‌కూ ఛాసీకీ కలిపే వైరులోనే ఉంటుంది. నేను బ్యాటరీ మార్చాను, సెల్ఫ్ మోటార్ కూడా విప్పించాను. చివరికి చూస్తే ఛాసీకి బిగించిన బోల్టు కింద తుప్పు!

పరీక్ష తేలికే. హ్యాండ్‌బ్రేక్ లాగి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. మల్టీమీటర్‌ను 20 డీసీ వోల్టుల రేంజిలో పెట్టి, ఎర్ర ప్రోబ్‌ను ఇంజిన్ బ్లాక్ మీద రంగు లేని చోట, నల్లదాన్ని బ్యాటరీ నెగటివ్ పోస్టు మీద ఆనించండి. పోస్టు, అంటే బ్యాటరీ మీద పొడుచుకొచ్చిన లోహపు మొన మీదే, దాని చుట్టూ బిగించిన వైరు క్లాంపు మీద కాదు. క్లాంపు లోపలి తుప్పు కూడా లెక్కలోకి రావాలి కదా. ఇప్పుడు ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2 వోల్టుల లోపు చూపిస్తే ఎర్త్ బాగున్నట్టే. 0.5 దాటిందంటే తప్పు అక్కడే ఉంది. హెడ్‌లైట్ల సంగతి తేలాలంటే, లైట్లు వేసి ఉంచి ఎర్ర ప్రోబ్‌ను ఛాసీకి, తర్వాత క్యాబిన్ బాడీకి ఆనించి చూడండి.

బాగుచేసేటప్పుడు మొదట బ్యాటరీ నెగటివ్ క్లాంపు తీసేయాలి, ఇది మాత్రం మరవద్దు. బోల్టు విప్పి, వైరు చివరి లగ్గునూ దాని కింది లోహాన్నీ తళతళలాడేదాకా గరుకు కాగితంతో రుద్దండి. గట్టిగా బిగించాకే పైన గ్రీజు పూయండి. వైరు లోపల పచ్చటి పొడి కనిపిస్తే రుద్ది లాభం లేదు, అంతే మందం ఉన్న కొత్త వైరు వేయండి.