మందారం పక్కన నందివర్ధనం

విజయనగరంలో మేం అద్దెకు దిగిన ఇంటి ముందు మొక్కలకు కొదవలేదు. ఎర్ర మందారం, క్రోటన్లు, కాగితం పూలు అన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. ఏ మొక్కకామొక్క బాగుంది, కలిపి చూస్తే మాత్రం గజిబిజి. ఓనరుగారిని అడిగి, తొలకరి వానలు పడ్డాక మార్చడం మొదలుపెట్టాను.

పువ్వు కన్నా ముందు ఆకు చూడాలని నా నమ్మకం. పువ్వు రాలిపోతుంది, ఆకు ఏడాది పొడవునా కనిపిస్తుంది. క్రోటన్ ఆకులోనే ఎరుపు, పసుపు ఉన్నాయి కాబట్టి దాని పక్కన మందారం పూసినా కంటికి ఆనదు. అందుకే క్రోటన్లన్నిటినీ బాగా ఎండ తగిలే గోడ వైపు ఒకేచోట పెట్టాను. నీడలో ఉంటే వాటి రంగు తగ్గి ఆకుపచ్చగా మారిపోతాయి. మందారం వెనక నందివర్ధనం నాటాను. ఆ ముదురాకుపచ్చ, ఆ తెల్లపూల ముందు ఎరుపు ఎంత బాగుంటుందో! మొదళ్ల దగ్గర బోసిగా ఉన్నచోట కనకాంబరం వేశాను. పెద్దగా ఎత్తు పెరగదు, కాస్త నీడ ఉన్నా పూస్తుంది. పైగా అమ్మకు మాల కట్టుకోవడానికి పూలు.

కాగితం పూలతోనే టెన్షన్. రోజూ నీళ్లు కావాల్సిన మందారం పక్కన ఉంటే దానికి ఆకులే ఎక్కువ, పూత తక్కువ. వేళ్లు కదిపితే తట్టుకోదు కనుక, ముదురు కొమ్మ ఒకటి కత్తిరించి గేటు దగ్గర కుండీలో నాటాను. చిగురు వేసింది. పాతదాన్ని వానాకాలం అయ్యాక తీసేస్తాను.