హన్మకొండ నుంచి హైదరాబాద్‌కు ఎలక్ట్రిక్ కారులో: బయల్దేరే ముందు

• కంపెనీ చెప్పిన రేంజిని (ఒక్క ఫుల్ ఛార్జితో వెళ్లే దూరాన్ని) నమ్ముకోవద్దు. హైవే మీద మూడో వంతు తీసేసి లెక్కేసుకోండి. దూరం సుమారు 150 కిలోమీటర్లు. కిలోమీటరుకు 150 వాట్-అవర్ల చొప్పున 22.5 యూనిట్లు కావాలి (యూనిట్ అంటే 1000 వాట్-అవర్లు). 30 యూనిట్ల బ్యాటరీ అయితే మిగిలేది పావు వంతే. ఉప్పల్ ట్రాఫిక్‌కు అది ఉండాల్సిందే.

• బ్యాటరీ ఖర్చు కాకుండా, ఛార్జర్ తీయకముందే ఏసీ వేసి కారు చల్లబరచండి.

• టైర్ల గాలి పొద్దున్నే, బండి కదలకముందే చూడండి. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీదున్న అంకే లెక్క. టైరు వేడెక్కాక కొలిస్తే మీటరు ఎక్కువ చూపిస్తుంది, లోటు తెలియదు.

• అన్నిటికన్నా వేగం ముఖ్యం. 80 నుంచి 100కు పెంచితే గాలి అడ్డు 56 శాతం పెరుగుతుంది.

• జనగామ, భువనగిరి వైపు ఛార్జర్లు ఆ రోజు పనిచేస్తున్నాయో యాప్‌లో చూసుకోండి.